ప్రభుత్వం వారి బట్టమేక గుడ్డు

మా మేనల్లుడికి ఫారెస్టు గార్డుగా ఆర్డరు వచ్చింది. వచ్చిన వారంలోనే ఖాకీ నిక్కరు కుట్టించుకుని, బెల్టు బిగించుకుని మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు. "మామా, అన్నేండ్లు అడివిలో ఉండినావు గదా, పులుల్ని శానా చూసింటావు. చెప్పు" అన్నాడు.

నా సర్వీసులో నేను చూసిన పులి ఒక్కటే. అది కర్నూలులో దొర బంగళాలో నేల మీద పరిచి ఉంది. దాని తల మీద కాలు పడకుండా పక్కనుంచి నడిచి వెళ్ళి, దొరకు సలాము చేసి వచ్చాను. ఈ మాట చెబితే వాడి మొహం వాడిపోయింది. అందుకని వాడికీ, వాడిలాగే నిక్కర్లు కుట్టించుకుంటున్న మిగతా పిల్లలకూ పనికొచ్చే సంగతి ఒకటి రాస్తున్నాను. ఇందులో పులి లేదు. ఒక పక్షి ఉంది, ఒక గుడ్డు ఉంది, నేను చేసిన ఒక వెధవ పని ఉంది.

ముందు ఉద్యోగం సంగతి. గార్డంటే తుపాకీ పట్టుకుని అడవిని కాపాడేవాడని ఊళ్ళో అనుకుంటారు. నాకిచ్చింది ఒక కర్ర, ఒక విజిలు, ఒక డైరీ. కర్ర కుక్కలకు పనికొచ్చింది. విజిలు వేస్తే వినే నాథుడు చుట్టుపక్కల మైళ్ళ దూరంలో లేడు. ఇక డైరీ. మనకు అప్పగించిన బీటులో తెల్లవారకముందే నడిచి, కనిపించిన జంతువునూ పక్షినీ అందులో రాయాలి. వారానికొకసారి అది రేంజరు గారి సంతకంతో కర్నూలుకు పోతుంది. దాన్ని ఎవరూ చదవరని నాకు చాలామంది చెప్పారు. నేను నమ్మాను. మీరు నమ్మకండి.

పాత గార్డు అప్పగించిన పక్షులు

మాది నేత ఇల్లు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని పొద్దంతా కూర్చోవడం నాకు చేతకాలేదు. పోగు తెంపేవాణ్ణి, మళ్ళీ అతికేవాణ్ణి, మళ్ళీ తెంపేవాణ్ణి. మా నాయన విసిగిపోయి "వీడు కూర్చుంటే నూలు చెడతాది. యాడికన్నా నడిచే పనికి పంపండి" అన్నాడు. అలా ఫారెస్టులోకి వచ్చాను. పక్షుల్లో నాకు తెలిసినవి కాకి, కోడి, పిచ్చుక. నెమలిని చీర అంచు మీద చూశాను.

నాకిచ్చిన బీటు నందికొట్కూరుకు అవతల ఒక రిజర్వు. అడవి అంటున్నారు కదా, చెట్లుంటాయని వెళ్ళాను. మోకాటి ఎత్తు గడ్డి, అక్కడక్కడ రేగు పొదలు, నాలుగు తుమ్మ చెట్లు, మిగతాదంతా ఆకాశం. వట్టి బీడు. ఇది అడవా అని పాత గార్డును అడిగాను.

"రికార్డులో అడివేనప్పా" అన్నాడాయన.

ఆయన పింఛను మీద వెళ్ళిపోతూ తన డైరీలన్నీ నాకు అప్పగించాడు. తిరగేస్తే ప్రతి వారమూ ఒక వాక్యం ఉంది. "తెల్లవారుజామున బీడు తూర్పు వైపున బట్టమేకలు ఒక జత కనిపించినవి." బట్టమేక అంటే మేక కాదు, పక్షి. ఎగిరే పక్షుల్లో అంత బరువైనది ఇంకొకటి ఉండదంటారు. నిలబడితే గొర్రె ఎత్తు ఉంటుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం అవి ఎక్కడుంటాయని ఆయన్ని అడిగాను.

"ఉంటాయిలే. నాకు ముందున్న గార్డూ అట్లే రాసినాడు" అని మూట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేతవాడికి ఒక అలవాటు ఉంటుంది. చీర సగం నేశాక అంచు మార్చడు. పెద్దవాళ్ళు వేసిన అంచు కదా అని నేనూ మొదటి ఏడాది ఆ వాక్యాన్ని మక్కీకి మక్కీ దించాను. రెండో ఏడాదికి విసుగు పుట్టింది. "మగది గట్టు వైపు వెళ్ళినది. ఆడది వెళ్ళలేదు" అని రాశాను. ఎవరూ ఏమీ అనలేదు. మరుసటి వారం "రెండును మరల కలిసి తిరుగుచున్నవి" అని రాశాను. మూడో ఏడాదికల్లా ఆ జంట కాపురం నా కాపురం కంటే వివరంగా డైరీకెక్కింది. మా ఆవిడ లచ్చుమక్క ఒకరోజు పొయ్యి దగ్గర నుంచి, "ఏమయ్యా, ఆ పిట్టలకు ఒంట్లో బాగలేకుంటే నీకు తెలుస్తాది. నాకు జరమొచ్చి మూడు దినాలాయ" అంది.

అసలు నేను బీడులోకి వెళ్ళనేలేదని అనుకోకండి. వెళ్ళేవాణ్ణి. కాకపోతే ఎండ ఎక్కాక వెళ్ళి, రాళ్ళ గుట్ట దాకా నడిచి, అక్కడ బీరప్ప పక్కన కూర్చునేవాణ్ణి. బీరప్ప గొర్రెల కాపరి. నాకంటే పదేళ్ళు పెద్ద. సర్కారుకు మేత పన్ను, అదే పుల్లరి, కట్టి ఆ బీడులో గొర్రెలు మేపుకునేవాడు. అతనూ, అతని ఊరిలోని మిగతా కాపర్లూ ఎండాకాలం దాటేది ఆ బీడు మీదనే. అతను నాకు జొన్నరొట్టె పెట్టేవాడు. నేను అతనికి పొగాకు ఇచ్చేవాణ్ణి. పక్షుల గురించి అతన్ని ఒక్కసారీ అడగలేదు. నా పక్షులు డైరీలో క్షేమంగా ఉన్నప్పుడు అడగవలసిన పనేముంది?

నాలుగో ఏడాది శివరాత్రి దాటింది. మోదుగలు పూశాయి. వసంతం వస్తోంది, పిచ్చుకలు మా ఇంటి చూరులో పుల్లలు పేరుస్తున్నాయి, మరి బట్టమేక మాత్రం ఊరికే ఎందుకుంటుంది అనుకుని ఇలా రాశాను: "ఆడది గుడ్డు పెట్టినది. గుడ్డు ఒకటి. క్షేమం."

గుడ్డు పుట్టించమన్నారు

పది రోజులకు రేంజరు గారు సైకిలు మీద చెమటలు కక్కుకుంటూ మా ఇంటికి వచ్చారు. ఆయన సైకిలు దిగకముందే ఏదో కొంప మునిగిందని తెలిసింది. గార్డు ఇంటికి రేంజరు రావడమంటే సామాన్యం కాదు.

కర్నూలుకు జిల్లా ఫారెస్టు ఆఫీసరుగా కొత్త తెల్లదొర వచ్చాడట. పక్షులంటే పిచ్చి అట. రాగానే పాత డైరీలన్నీ తెప్పించుకుని రాత్రింబగళ్ళు చదివాడట. నా డైరీ చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట.

"ఈ కాలంలో బట్టమేక గుడ్డు పెట్టిందని లోకంలో ఎవురూ రాయలేదంటప్పా. దొర వచ్చి కళ్ళారా చూసి ఏదో పుస్తకంలో రాసుకుంటాడంట. గుడ్డు క్షేమం కోసరం ఆ పొద్దునుంచే బీడు మూసేస్తాడంట. వానలు పడేదాకా ఒక్క గొర్రె కాలు పెట్టగూడదంట. అదంతా మనకెందుకు. గుడ్డు యాడుందో చూపించు, నేను ముందుగా చూసుకుంటా" అన్నారు.

"గుడ్డు లేదయ్యా" అన్నాను.

"ఎప్పట్నుంచి లేదు?"

"మొదట్నుంచీ లేదయ్యా."

"పిట్టలు?"

"వాటిని నేను చూడలేదయ్యా."

రేంజరు గారు మా అరుగు మీద కూలబడ్డారు. లచ్చుమక్క మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, చాలా నెమ్మదిగా చెప్పారు. "చూడప్పా. నేను సంతకం పెట్టిన డైరీలో గుడ్డుండాది. సంతకం అయినాక లేదంటే ఎట్ల? దొర వచ్చేది ఆదివారం. ఆ లోపల గుడ్డు ఉండల్ల. లేదా, నువ్వు మళ్ళా మగ్గం గుంతలోకి పో."

ఈయన గురించి ఒక మాట రాయాలి. చెడ్డవాడు కాదు. గార్డుల పిల్లలకు జబ్బు చేస్తే సొంత సైకిలు మీద వైద్యుడి దగ్గరికి తీసుకుపోయిన మనిషి. కానీ కాగితం మీద ఉన్నదే లోకం అనుకునేవాడు. కాగితానికీ లోకానికీ తేడా వస్తే లోకాన్ని దిద్దమనేవాడు. ఇలాంటి అధికారులు మీకూ తగులుతారు. వాళ్ళతో జాగ్రత్త.

కాలువ గట్టున బాతులు మేపుకునేవాళ్ళ దగ్గర అన్నింటికంటే పెద్ద గుడ్డు ఏరి తెచ్చుకున్నాను. అది తెల్లగా ఉంది. బట్టమేక గుడ్డు ఏ రంగో నాకు తెలియదు. బీరప్ప దగ్గరికి పోయాను.

"గడ్డీ మన్నూ కలిపినట్టు ఉంటాది సామీ. పచ్చగా, మాసిపోయినట్టు. మీద గోధుమ మచ్చలు. దేనికి?" అన్నాడు.

"ఊరికే."

"ఇప్పుడు యాడ పెడతాది అది? గుడ్డు పెట్టేది వానలు పడినాక. జొన్న మోకాలెత్తు వచ్చినప్పుడు."

దొర ఎందుకు వస్తున్నాడో అప్పుడు గాని అర్థం కాలేదు. అబద్ధమాడేవాడికి కూడా కాస్త విషయం తెలిసి ఉండాలి. దాచుకోలేక, గుట్ట మీద కూర్చుని బీరప్పకు అంతా చెప్పేశాను. డైరీ, దొర, గుడ్డు, బీడు మూయడం, అన్నీ.

అతను తిట్టలేదు. గొర్రెల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ ఏడు వానలు సరిగా లేవు. చేలల్లో గడ్డి పరక లేదు. ఆ మందకూ ఆకలికీ నడుమ ఉన్నది ఆ బీడే.

"నీ పిట్ట పెట్టని గుడ్డు కోసరం నా గొర్రెలు సచ్చిపోవాల్నా సామీ?" అన్నాడు.

"నా ఉద్యోగం పోతాది బీరప్పా" అన్నాను. అంతకంటే సిగ్గుమాలిన మాట నా జీవితంలో నేను అనలేదు.

"సరే. నీ ఇష్టం" అని లేచి గొర్రెల్ని మళ్ళించుకోవడానికి వెళ్ళాడు. ఆ పూట రొట్టె పెట్టలేదు.

లచ్చుమక్క రంగు

మా ఆవిడ రంగులద్దేవాళ్ళ ఆడపడుచు. గుడ్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "గడ్డీ మన్నూ అన్నాడా? దానిమ్మ తొక్క, కరక్కాయ వేసి, చివర్లో రవ్వంత అన్నభేది తగిలిస్తే సరి" అంది. నాకు గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. నూలుకు ఆ రంగు ఎన్నిసార్లు వేయలేదు! కుండ పెట్టింది, తొక్కలు వేసింది, రంగు దిగాక గుడ్డును అందులో వదిలింది. నేను పొయ్యి ఎగదోశాను. మచ్చలు ఈనెపుల్లతో నేనే పెట్టాను. తీసి ఆరబెడితే కంటికి అద్దుకోవాలనిపించింది.

"తడి చేత్తో పట్టుకున్నా పోదు, గట్టి రంగు" అంది లచ్చుమక్క.

రంగు గట్టిగా పట్టాలంటే ఉడకాలి. ఇది మా ఇళ్ళల్లో ఉగ్గుపాలతో నేర్చుకునే సంగతి. ఇద్దరమూ రంగు గురించే ఆలోచించాం గాని, కుండలో ఉన్నది నూలు కాదన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

నిశ్శబ్దానికి బందోబస్తు

దొర వచ్చే ముందు ఒక కబురు పంపాడు. తనకు వేట అక్కర్లేదు, డప్పులూ తోలేవాళ్ళూ అక్కర్లేదు, తెల్లవారుజామున కూర్చుని చూడడమే కావాలి, శబ్దం ఉండకూడదు అని. రేంజరు గారికి ఇది అర్థం కాలేదు. "సంపకుండా చూసేదానికి ఇంతదూరం రావడమేందప్పా?" అని నన్ను రెండుసార్లు అడిగారు. కానీ పైవాడి మాట. నిశ్శబ్దం కావాలంటే నిశ్శబ్దానికి కూడా బందోబస్తు చేయాల్సిందే.

చుట్టుపక్కల ఊళ్ళనుంచి నలభై మందిని పిలిపించి, బీడు చుట్టూ కర్రలిచ్చి నిలబెట్టారు. ఎవరైనా మాట్లాడితే విజిలు వేయాలని వాళ్ళకు చెప్పారు. గొర్రెల మెడల్లో గంటల్లోకి గడ్డి కుక్కించారు. ఊళ్ళో కోళ్ళను గంపల కింద మూశారు. వెలుగు చూస్తే గంప కింద కూడా కూస్తాయని, గంపల మీద గోనె పట్టాలు కప్పించారు. మా నేతగాళ్ళ వీధిలో ఆ పూట మగ్గం ఆడకూడదని చాటించడానికి దండోరా వేయించారు. దండోరా నిశ్శబ్దం గురించి గంటసేపు మోగింది.

ఆదివారం తెల్లవారకముందే గడ్డితో కట్టిన చాటు గుడిసెలో ముగ్గురం కూర్చున్నాం. దొర, ఆయన పక్కన రేంజరు గారు, వెనక నేను. దొర సన్నగా, పొడుగ్గా, ఎర్రటి మెడతో కొంగలాగా ఉన్నాడు. తెలుగు పరీక్ష ప్యాసయినవాడు. పుస్తకంలో చదువుకున్న తెలుగు మాట్లాడేవాడు.

"గార్డూ, నీవు వ్రాసిన వృత్తాంతములన్నియు చదివితిని. మిక్కిలి సంతసించితిని. ఆ దంపతులు ఇప్పుడెచ్చట నున్నారు?" అని గుసగుసగా అడిగాడు. నాలుగేళ్ళలో నా కాపురం గురించి కూడా ఎవరూ అంత ఆప్యాయంగా అడగలేదు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

గుడ్డును గుడిసెకు ముందు, ఒక పొద పక్కన, చూపు ఆనేంత దూరంలో పెట్టాను. తెల్లవారింది. నేను నా బీటులో తెల్లవారడం చూడడం అదే మొదలు. గడ్డి మీద సన్నగా మంచు ఉంది. ఎండ తగలగానే బీడంతా రాగి రంగుకు తిరిగింది. గుంటనక్క ఒకటి మమ్మల్ని పట్టించుకోకుండా తన దారిన తాను పోయింది. జింకలు నాలుగు వచ్చి నిలబడి, చెవులు తిప్పి, మేతలో పడ్డాయి. కముజు పిట్టలు పొదలో ఒకటే గొడవ. ఇన్నేళ్ళూ ఇవన్నీ ఇక్కడ జరుగుతున్నాయా, నేను ఇంట్లో ముసుగు తన్ని పడుకుని బట్టమేకల కాపురం రాస్తున్నానా అని నా మీద నాకే కోపం వచ్చింది.

అప్పుడే దూరంగా బీడు నడుమ ఎవడో తెల్ల పంచె కట్టుకుని నిలబడి ఉండడం కనిపించింది. రేంజరు గారు పెట్టిన నలభై మందిలో ఒకడు దారి తప్పాడనుకున్నాను. కూర్చోమని చెయ్యి ఊపాను. వాడు కూర్చోలేదు. నిదానంగా మా వైపే నడిచి వస్తున్నాడు. ఎంత పొగరురా వీడికి అనుకుని విజిలు నోట్లో పెట్టుకున్నాను. దొర నా చెయ్యి పట్టుకున్నాడు.

"అదియే" అన్నాడు.

తెల్లటి మెడ, నెత్తిన నల్లటి టోపీ, గోధుమ రంగు ఒళ్ళు. కాలు ఎత్తి, ఆలోచించి, దించి, మళ్ళీ కాలు ఎత్తి, ఊరి పెద్దలాగా నడుస్తోంది. నాలుగేళ్ళు దాని గురించి రాసినవాణ్ణి, దాన్ని చూసి మనిషనుకున్నాను. అంత అందమైనదాన్ని అంతవరకు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఉన్నాయి, నిజంగానే ఉన్నాయి అని లోపల ఒకటే గోల.

అది తిన్నగా పొద దగ్గరికి వచ్చింది. లచ్చుమక్క గుడ్డు ముందు ఆగింది. తల పక్కకు వంచి ఒక కంటితో చూసింది. తల ఇంకో పక్కకు వంచి రెండో కంటితో చూసింది. ఇదేదో నాకు సంబంధించినది కాదన్నట్టు దాటుకుని, మిడత ఒకదాన్ని పట్టుకు తిని, వెళ్ళిపోయింది.

"ఇది పురుష పక్షి" అన్నాడు దొర ఊపిరి బిగబట్టి. "తండ్రి గుడ్డును పరామర్శింప వచ్చెను. ఇట్టిది ఇంతకుముందు ఎవ్వరును కని యెరుగరు." అని పుస్తకం తీసి గబగబా రాసుకున్నాడు. నా ఒక్క అబద్ధం మా కళ్ళ ముందే ఇంకో అబద్ధాన్ని ఈనింది.

ముగ్గురం ఊదడం

పక్షి కనుమరుగయ్యాక దొర లేచి వెళ్ళి గుడ్డును రెండు చేతులా తీసుకున్నాడు. జేబులోంచి చిన్న పెట్టె తీశాడు. అందులో బెజ్జం వేసే సన్నటి బరమా, చిన్న ఊదుగొట్టం ఉన్నాయి. గుడ్డుకు బెజ్జం వేసి, లోపలిదంతా ఊది బయటికి తీసి, డొల్లను మాత్రం దాచుకుంటారట. పక్షిని అంత ప్రేమించే మనిషి దాని గుడ్డును అలా ఎత్తుకుపోతాడని నేను అనుకోలేదు. దాన్ని కాపాడడానికి బీడు మూయించేదీ ఆయనే, జేబులో వేసుకునేదీ ఆయనే. ఇది తీసేస్తే ఇంకా ఎన్ని పెడుతుందో చూడాలట.

ఆయన బెజ్జం వేసి ఊదాడు. ఏమీ రాలేదు. ఇంకా ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి, మెడ ఇంకా ఎర్రబడింది, కళ్ళు బయటికి వచ్చాయి. ఏమీ రాలేదు. నాకు అప్పుడు, ఆ క్షణాన, కుండ గుర్తొచ్చింది.

దొర అలిసిపోయి గుడ్డును రేంజరు గారికి ఇచ్చాడు. రేంజరు గారు టోపీ తీసి, భక్తిగా ఊదారు. రాలేదు. ఆయన తర్వాత హోదాలో ఉన్నది నేనే కాబట్టి నాకు ఇచ్చారు. అది ఉడికిన గుడ్డని తెలిసి కూడా, సర్కారు ఉద్యోగిని గనక, నేనూ ఊదాను. మా ముగ్గురి మధ్యా ఉడికిన గుడ్డు వాసన మెల్లగా లేచింది.

దొర గుడ్డును పగలగొట్టాడు. తెల్లగా, గట్టిగా, పచ్చసొనతో సహా లక్షణంగా ఉంది. ఉప్పు ఒక్కటే తక్కువ.

"ఇదేమి?" అన్నాడు.

రేంజరు గారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మా సీమ ఎండలు అట్లాంటివి దొరగారూ. నేల మీద పెట్టిన గుడ్డు పెట్టినట్టే ఉడికిపోతాది" అన్నారు.

దొర మంచు ఆరని గడ్డి వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. నమ్మేశాడు. నమ్మాలని ఉన్నవాడికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. "అట్లయినచో ఈ పక్షికి మహోపద్రవము కలిగినది. నేటినుండియే బీడును మూయవలెను. గొర్రెలు గడ్డిని మేయుటచేతనే గదా గుడ్డునకు నీడ కరవైనది" అని పుస్తకంలో హుకుం రాయడం మొదలుపెట్టాడు.

నేను తల ఎత్తి చూశాను. కొంచెం దూరంలో, నిశ్శబ్దానికి కాపలా పెట్టిన వరసలో, బీరప్ప కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనికి మా మాటలు వినబడవు. దొర చేతిలో కదులుతున్న కలం మాత్రం కనబడుతోంది. అతను కలాన్నే చూస్తున్నాడు. మాట్లాడొద్దన్నారు కాబట్టి మాట్లాడకుండా చూస్తున్నాడు.

ధైర్యం వచ్చిందని రాసుకోను. రాలేదు. రాకుండానే అన్నాను. "దొరగారూ, అది బాతు గుడ్డు. నేనే ఉడకబెట్టినాను. ఈ పిట్ట గుడ్డు పెట్టేది వానాకాలంలో. నాకు తెలియక రాసినాను. నాలుగేండ్లుగా రాసినదంతా చూడకుండా రాసినాను. తెలిసినవాడు అడుగో, ఆయన్ని అడగండి."

రేంజరు గారు కళ్ళు మూసుకున్నారు.

దొర బీరప్పను పిలిపించాడు. "ఓయీ, ఈ పక్షి ఏ ఋతువునందు అండమును పెట్టును?" అని అడిగాడు. బీరప్ప నా వైపు తిరిగి, "ఏమంటాండాడు సామీ?" అన్నాడు. తెలుగును తెలుగులోకి మార్చి చెప్పాను. బీరప్ప జవాబు చెప్పాడు, దాన్ని మళ్ళీ పుస్తకం తెలుగులోకి ఎక్కించి దొరకు చెప్పాను.

"వానలు పడినాక పెడతాది. ఒక్కటే. గొర్రెలు మేసి గడ్డి పొట్టిగా ఉన్న తావునే పెడతాది. గడ్డి ఎత్తు పెరిగితే నక్క వచ్చేది దానికి కనపడదు గదా. ఈడ గొర్రెలు లేకుంటే ఈడ అదీ ఉండదు."

దొర పుస్తకంలో హుకుం రాసిన కాగితం చింపి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. బీడు మూయలేదు. నా వైపు తిరిగి, "నీవు అసత్యమును మిక్కిలి చక్కగా వ్రాసితివి. నేను ఆ దంపతులను ప్రేమించితిని" అన్నాడు. నన్ను తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ మాట తగిలినంతగా ఏదీ తగల్లేదు.

సంజాయిషీ

నెల తిరక్కుండానే కర్నూలు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. "ప్రభుత్వం వారి సంరక్షణలోనున్న బట్టమేక గుడ్డును అనుమతి లేకుండా ఉడకబెట్టినందుకు" సంజాయిషీ చెప్పుకోమని. అది బాతు గుడ్డని రాసి పంపాను. రేంజరు గారు దాన్ని పట్టుకుని మళ్ళీ సైకిలు మీద వచ్చారు.

"బాతు గుడ్డని రాస్తే, మరి బట్టమేక గుడ్డు ఏమాయ అంటారు. అది లేనే లేదంటే, నా సంతకం ఏమాయ అంటారు. దాని మీద కర్నూలోళ్ళ సంతకాలు ఏమాయ అంటారు. ఇంతమంది ఉద్యోగాలకు ఎసరు పెడతావా? ఉడకబెట్టినానని ఒప్పుకోప్పా. ఆ నేరానికి రూల్సులో శిక్ష కూడా లేదు. బదిలీ చేసి ఊరుకుంటారు" అన్నారు.

ఆలోచిస్తే అదీ న్యాయంగానే కనిపించింది. ఒప్పుకున్నాను. చేయని నేరాన్ని కూడా ఒప్పుకుంటే గాని నేను చెప్పిన నిజం ఆఫీసులో ఇమడలేదు. ఇప్పటికీ నా సర్వీసు పుస్తకం తెరిస్తే, వసంతకాలంలో పెట్టిన అపురూపమైన బట్టమేక గుడ్డును ఉడకబెట్టిన గార్డుగానే ఉంటాను. రాయచోటి వైపు కొండలకు వేశారు. ఆ కొండల్లో రోజూ తెల్లవారకముందే నడిచాను, చూసినదే రాశాను. చాలా రోజులు "ఏమియు కనబడలేదు" అని రాశాను. దానికి ఎవరూ ఏమీ అనలేదు.

భాద్రపదంలో నాలుగు రోజులు సెలవు పెట్టి నందికొట్కూరు వెళ్ళాను. బీరప్ప నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. రొట్టె పెట్టాడు. తిన్నాక "రా సామీ" అని ముందు నడిచాడు.

బీడు పచ్చగా ఉంది. గొర్రెలు మేసిన చోట, మట్టి మీద, పుల్ల కూడా అడ్డం లేకుండా ఉందది. ఒక్కటే గుడ్డు. దీనికంటే లచ్చుమక్క వేసిన రంగు కొంచెం ముదిరింది గాని, తప్పేమీ కాదు. దూరంగా జరిగి బోర్లా పడుకున్నాం. చాలాసేపటికి ఆడపక్షి వచ్చింది. చుట్టూ ఒకసారి తిరిగింది. కాళ్ళు మడిచి, రొమ్ముతో గుడ్డును మెల్లగా సర్దుకుని, అప్పుడు ఒళ్ళు దించింది. "గుడ్డు ఒకటి, క్షేమం" అని రాసిన చేతికి అది ఎలా కూర్చుంటుందో కూడా తెలియదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. బీరప్ప గొర్రెల వైపు తిరిగి కూర్చున్నాడు.

అలవాటుగా జేబులోంచి పెన్సిలు తీశాను. బీరప్ప పెన్సిలు వైపు చూశాడు.

"రాస్తావా సామీ?" అన్నాడు.

"రాయను" అన్నాను.

పెన్సిలు జేబులో పెట్టుకుని లేచాను. ఇద్దరం చెరో పక్కనుంచి మందను మళ్ళించి, ఆ తావుకు దూరంగా తోలుకుపోయాం.